ఒక దురద కేసు, ఐదు ట్యూబులు

నేను క్లినికల్ బయోకెమిస్ట్‌ని. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రి ల్యాబ్‌లో పని. నా దగ్గరకు మనుషులు రారు, ట్యూబులు వస్తాయి. బార్‌కోడు, వయసు, ఆడా మగా, ఏ పరీక్ష అడిగారు, అంతే నాకు తెలిసేది. ఈ కేసులో మాత్రం మనిషిని చూడాల్సి వచ్చింది. మేమిచ్చిన రిపోర్టు పట్టుకుని పేషెంట్ కూతురు నేరుగా ల్యాబ్ కౌంటర్ ముందుకొచ్చి కూర్చుంది, లేవనంది. వాళ్లు ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. ఆనవాలు పట్టే వివరాలు కొన్ని మార్చాను.

పేషెంట్‌కు 52 ఏళ్లు. సైదాబాద్ వైపు కర్రీ పాయింట్ నడుపుతుంది. తెల్లవారుజామున నాలుగున్నరకు లేస్తే రాత్రి పదిన్నరకు షట్టర్ దించేదాకా పనే. థైరాయిడ్ తక్కువగా ఉందని ఆరేళ్లుగా మాత్ర వేసుకుంటోంది. మందు తాగే అలవాటు లేదు, షుగర్ లేదు, బరువు 62 కిలోలు.

దురద మొదలై అప్పటికి పద్నాలుగు నెలలు. ముందు అరచేతులు, అరికాళ్లు, ఆ తర్వాత ఒళ్లంతా. పగలు పొయ్యి దగ్గర పనిలో పడితే అంతగా తెలియదట. రాత్రి నడుం వాల్చగానే మొదలు. "అరికాళ్లు కొబ్బరి చీపురుతో గీరుకుంటా మేడం, రక్తం వచ్చినా ఆపబుద్ధి కాదు" అని తర్వాత నాతో చెప్పింది. గిన్నెలు తోమే సబ్బు పడలేదేమో అని ఇంట్లో అనుకున్నారు. గజ్జి అనుకుని ఒక డాక్టరు ఇచ్చిన క్రీము ఇంటిల్లిపాదీ రెండుసార్లు రాసుకున్నారు. సిట్రిజిన్ వేసుకుంటే నిద్ర పట్టేది, నిద్రలోనే గీరుకునేది.

కేసు తేల్చింది రెండో చర్మ డాక్టరు, అదీ వీపు చూసి. చేతులు, కాళ్లు, నడుము అన్నీ గీరిన చారలు, మచ్చలు. వీపు మధ్యలో, చెయ్యి అందని చోట మాత్రం చర్మం శుభ్రంగా ఉంది. అంటే దద్దు ముందు పుట్టి దురద రాలేదు, దురద ముందు పుట్టి గోళ్లు ఆ మచ్చలు చేశాయి. దురద చర్మంలోంచి కాదు, లోపలి నుంచి వస్తోందని ఆయన లివర్ పరీక్షలు రాశారు.

కామెర్లలో పెరిగే బిలిరుబిన్ 0.8, అంటే మామూలే. కళ్లు పచ్చబడలేదు, మూత్రం రంగు మారలేదు. కానీ పైత్యరసం దారి దెబ్బతింటే పెరిగే ఎంజైము, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, 412 ఉంది, మా ల్యాబ్‌లో దాని పైహద్దు 120. జీజీటీ 268, ఏఎల్‌టీ 58, ఇవీ లివర్ ఎంజైములే. ఆల్ట్రాసౌండ్‌లో రాళ్లు లేవు, పైత్యరస నాళాలు ఉబ్బలేదు. యాంటీ మైటోకాండ్రియల్ యాంటీబాడీ పాజిటివ్, ఒంటి సొంత కణాల మీదే ఎదురుతిరిగే యాంటీబాడీ అది. లివర్ డాక్టరు పీబీసీ అని తేల్చారు. పూర్తిగా చెప్పాలంటే ప్రైమరీ బిలియరీ కొలాంజైటిస్. 2015 దాకా దీని పేరులో 'సిరోసిస్', అంటే కాలేయం మచ్చలు కట్టి గట్టిపడటం, అని ఉండేది. సిరోసిస్ రాని వాళ్లకు కూడా ఆ పేరు పెట్టి బెదరగొట్టడం ఎందుకని మార్చారు. ఒంట్లోని రక్షణ వ్యవస్థే కాలేయంలోని సన్నటి పైత్యరస నాళాల మీద దాడి చేసే జబ్బు ఇది. ఎక్కువగా ఆడవాళ్లకు, నడివయసులో వస్తుంది. థైరాయిడ్ జబ్బుతో కలిసి కనిపించడమూ మామూలే. కాలేయం ఎంత గట్టిగా ఉందో కొలిచే ఫైబ్రోస్కాన్‌లో 7.1 కిలోపాస్కల్స్ వచ్చింది, కాలేయం ఇంకా గట్టిపడలేదు.

దురద ఉంది, బిలిరుబిన్ మామూలుగా ఉంది కాబట్టి డాక్టరు సీరమ్ బైల్ యాసిడ్స్ కూడా రాశారు. అదే నాకు చేరిన మొదటి ట్యూబు. రాత్రి భోజనం తర్వాత ఏమీ తినకుండా పొద్దున్నే ఇచ్చిన రక్తం, ఇంకా ఏ మందూ మొదలుపెట్టలేదు. ఫలితం లీటరుకు 46 మైక్రోమోల్స్. పరగడుపున 10 లోపు ఉండాలి.

ఇక్కడ ఒక మాట. "పైత్యరసంలో ఉండే ఆమ్లాలు రక్తంలో ఎక్కువయ్యాయి" అని నర్సు తెలుగులో చక్కగానే చెప్పిందట. దానికి ఆమె, "నాకు పైత్యం చిన్నప్పటి నుంచీ ఉందమ్మా, పొద్దున లేస్తే నోరు చేదు" అందట. మన ఇళ్లలో పైత్యమంటే కళ్లు తిరగడం, వికారం, మరీ అతిగా ఆలోచించే మనిషి బుర్ర కూడా. బైల్ యాసిడ్స్‌కూ దానికీ సంబంధం లేదు. అందుకే పేషెంట్ల దగ్గర నేను బైల్ యాసిడ్స్ అనే అంటాను. ఇంగ్లిష్ మాటే తక్కువ తికమక పెడుతుంది.

మందు మొదలైంది. ఉర్సోడియాక్సీకోలిక్ యాసిడ్, అందరూ ఉర్సో అంటారు. పీబీసీలో కిలో బరువుకు రోజుకు 13 నుంచి 15 మిల్లీగ్రాముల లెక్క. ఆమెకు 300 మిల్లీగ్రాముల మాత్ర మూడు పూటలా.

ఏడు వారాలకు రెండో ట్యూబు వచ్చింది. బైల్ యాసిడ్స్ 104.

మెషీన్ అంకె పక్కన ఎర్రగా 'హెచ్', అంటే హై, అని పెట్టింది. మెషీన్ సరిగా పనిచేస్తోందా అని చూసుకునే కంట్రోల్ శాంపిళ్లు ఆ రోజు సరిగ్గానే ఉన్నాయి. లివర్ ఓపీ నుంచి వచ్చిన శాంపిలే కదా, ఎక్కువే ఉంటుందిలే అనుకుని ఓకే కొట్టాను. కింద ఒక్క ముక్క వ్యాఖ్య రాయలేదు. ఆ రిపోర్టు మీద సంతకం నాదే, తప్పూ నాదే.

మర్నాడు కూతురు వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, లీవు పెట్టి వచ్చింది. "మందు వాడితే రెట్టింపు అయిందేంటి మేడం? నెట్‌లో చూస్తే 100 దాటితే ప్రమాదమని ఉంది. అది ప్రెగ్నెన్సీలో అని నాకూ తెలుసు, కానీ లివర్‌కైనా వంద వందే కదా?" ఆ ప్రశ్న తేలిగ్గా తీసిపారేసేది కాదు. గర్భిణుల్లో వచ్చే కొలెస్టాసిస్, అంటే పైత్యరసం సరిగా పారకపోవడం, గురించి 2019లో లాన్సెట్‌లో వచ్చిన పెద్ద విశ్లేషణ ప్రకారం బైల్ యాసిడ్స్ 40 లోపు ఉన్నవాళ్లలో కడుపులో బిడ్డ చనిపోవడం 0.13 శాతం, 100, ఆపైన ఉన్నవాళ్లలో 3.44 శాతం. ఆ హద్దు ముఖ్యమైనదే. కానీ అది బిడ్డకు ఉన్న ముప్పును చూసి గీసిన గీత. పీబీసీ ఉన్న 52 ఏళ్ల మనిషి కాలేయం ఎంత దెబ్బతిందో చెప్పే గీత కాదు. అదే అంకె, అదే యూనిట్, అర్థం వేరు.

ఆమెను కూర్చోబెట్టి మిగతా కాగితాలు చూశాను. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 412 నుంచి 318కి దిగింది. జీజీటీ 268 నుంచి 170కి. జబ్బు ముదిరి బైల్ యాసిడ్స్ రెట్టింపయ్యేటట్టయితే ఇవి దిగకూడదు. రెండు కాగితాల్లో ఏదో ఒకటి నిజం చెప్పడం లేదు.

"నిన్న రక్తం ఎన్నింటికి ఇచ్చారు?"

"పది దాటింది. అమ్మ ఎనిమిదిన్నరకు ఇడ్లీ తిని మాత్ర వేసుకుని బయల్దేరింది. మెట్రో దిగేసరికే లేటయింది."

సగం జవాబు అక్కడే దొరికింది. ఆ అమ్మాయికి బస్సుల లెక్కలో చెప్పాను. ఒంట్లో మొత్తం బైల్ యాసిడ్స్ రెండు నుంచి నాలుగు గ్రాములే. కాలేయం డిపో అనుకుంటే, అవే బస్సులు రోజుకు ఆరు నుంచి పది ట్రిప్పులు కొడతాయి. తిండి తినగానే పిత్తాశయం ముడుచుకుని బస్సుల్ని పేగులోకి వదులుతుంది. కొవ్వు అరిగించే పని అయ్యాక చిన్నపేగు చివర్లో దాదాపు 95 శాతం మళ్లీ రక్తంలోకెక్కి, పేగుల నుంచి కాలేయానికి వెళ్లే పోర్టల్ సిర దారిన డిపోకు చేరతాయి. కాలేయం వాటిని గబగబా లోపలికి లాగేసుకుంటుంది. లాగగా మిగిలి రోడ్డు మీద కనపడేవే చేతి రక్తంలో మేం కొలిచేవి. అంటే భోజనం తర్వాత లెక్కపెడితే ఆరోగ్యవంతుడికి కూడా ఎక్కువే వస్తాయి. డిపో గేటు సరిగా తెరుచుకోని లివర్ పేషెంట్‌కు ఇంకా ఎక్కువ. 46 పరగడుపుది, 104 ఇడ్లీల తర్వాతది. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చడమే తప్పు.

మిగతా సగం ఆమె వేసుకున్న మాత్రలో ఉంది. ఉర్సో కూడా బైల్ యాసిడే. పేరులో ఉన్న 'ఉర్సస్' అంటే లాటిన్‌లో ఎలుగుబంటి. ఎలుగు పిత్తంలో ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఆ పేరు. మనిషిలో సహజంగా చాలా కొంచెమే ఉంటుంది. ఇక మా మెషీన్ చేసే పరీక్ష ఎంజైమాటిక్ సైక్లింగ్ పద్ధతి. అందులోని ఎంజైము బైల్ యాసిడ్ అణువులో మూడో స్థానంలో ఉన్న హైడ్రాక్సిల్ గుంపును పట్టుకుంటుంది. ఆ చర్యలో థయో-ఎన్ఏడీ అనే పదార్థం మారి పసుపు రంగు తిరుగుతుంది. 405 నానోమీటర్ల దగ్గర ఆ రంగు ఎంత వేగంగా చిక్కబడుతుందో చూసి లెక్క కడతాం. ఆ మూడో స్థానం గుంపు కోలిక్ యాసిడ్‌లో ఉంది, కీనోడియాక్సీకోలిక్‌లో ఉంది, ఉర్సోలోనూ ఉంది. ఉర్సోకూ కీనోడియాక్సీకోలిక్‌కూ తేడా అంతా ఏడో స్థానంలోని గుంపు ఏ వైపు తిరిగి ఉందన్న దాంట్లోనే. మా ఎంజైము ఏడో స్థానం వైపు చూడనే చూడదు. కాబట్టి కాలేయం చేసుకున్న యాసిడ్‌నీ, మెడికల్ షాపులో కొన్న యాసిడ్‌నీ ఒకే గంపలో వేసి తూస్తుంది.

లివర్ డాక్టరుకు ఫోన్ చేశాను. ఉర్సో ఆపొద్దు, పరగడుపున, పొద్దుటి మాత్ర వేసుకోకముందు మళ్లీ రక్తం తీద్దామన్నారు. ఈసారి ఒక ట్యూబు మా మెషీన్‌లో పెట్టి, ఇంకోటి విడివిడిగా కొలవడానికి బయటి రిఫరెన్స్ ల్యాబ్‌కు పంపాం. ఆ పని చేసేది లిక్విడ్ క్రొమటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమెట్రీ జోడీ. మాస్ స్పెక్ట్రోమీటర్ అంటే బరువును బట్టి అణువుల్ని విడదీసే యంత్రం కాబట్టి ఇది దానికి చిటికెలో పని అనుకుంటారు. కాదు. ఉర్సో, కీనోడియాక్సీకోలిక్, డియాక్సీకోలిక్ మూడింటి బరువూ ఒకటే. ముందు కాలమ్‌లోంచి పంపి, ఏది ఎన్నో నిమిషంలో బయటికొస్తుందో చూసి విడదీయాలి. ఆ కాలమ్ సరిగా లేకపోతే అంత ఖరీదైన యంత్రమూ మా ఎంజైములాగే తికమక పడుతుంది.

మూడో ట్యూబు: మా మెషీన్‌లో 63. బయటి రిపోర్టులో మొత్తం 61. అందులో ఉర్సో, కాలేయం దానికి గ్లైసిన్, టారిన్ తగిలించిన జతలు కలిపి 34. మిగిలినవి, అంటే ఆమె సొంతవి, 27.

మొదటి ట్యూబులో మొత్తం 46, ఆ రోజు ఉర్సో వాడనే లేదు కాబట్టి దాదాపు అన్నీ సొంతవే. 46 నుంచి 27కి తగ్గింది. 'రెట్టింపు అయింది' అని ఇంటిల్లిపాదీ ఏడ్చిన కాగితం వెనక జరుగుతున్నది ఇది. కూతురు ఆ రిపోర్టు ఫొటో తీసి అక్కడికక్కడే ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది.

ఇక్కడితో కేసు అయిపోయి ఉంటే నేనిది రాసేదాన్ని కాను.

ఆల్కలైన్ దిగినా దురద పెద్దగా తగ్గలేదు. పీబీసీలో ఇది కొత్త కాదు. బైల్ యాసిడ్స్ ఎంత ఎక్కువుంటే దురద అంత ఎక్కువ అనే లెక్క మనుషుల్లో సరిగా కుదరదు. 30 ఉన్నవాళ్లు నిద్ర మానేస్తారు, 150 ఉన్నవాళ్లు హాయిగా గురక పెడతారు. దురద కోసం డాక్టరు కొలెస్టిరమిన్ పొడి రాశారు, నాలుగు గ్రాముల ప్యాకెట్. అది రక్తంలోకి వెళ్లదు. పేగులోనే ఉండి బైల్ యాసిడ్స్‌ను పట్టుకుని మలంతో బయటికి తీసుకుపోతుంది.

మూడు నెలలకు నాలుగో ట్యూబు. పరగడుపుదే, కౌంటర్‌లో అమ్మాయి టైము కూడా రాసింది. ఫలితం 19. దురద కూడా కాస్త నయమట. కూతురు స్వీట్ బాక్సు పట్టుకొచ్చింది. ల్యాబ్‌లో మాకు స్వీట్లు అరుదు, అందరం సంతోషంగా తిన్నాం.

సాయంత్రం అదే నమూనా మీద మిగతా రిపోర్టులు వచ్చాయి. ఆల్కలైన్ 366. దిగుతూ వచ్చింది మళ్లీ ఎక్కుతోంది. డాక్టరు అడిగారని చేసిన టీఎస్‌హెచ్, థైరాయిడ్ తగ్గితే పెరిగే హార్మోను, 11.4. అంతకు ముందు అది 3.1. థైరాయిడ్ మాత్ర డోసు మారలేదు, రోజూ వేసుకుంటోంది. ఆరేళ్లుగా కుదురుగా ఉన్నది మూడు నెలల్లో ఎందుకు చెడింది?

బైల్ యాసిడ్స్ రిపోర్టు ఒక్కటే చూసి ఉంటే నాకు ఏ అనుమానమూ వచ్చేది కాదు. టీఎస్‌హెచ్ పట్టించింది. ఫోన్ చేసి అడిగాను, "అమ్మా, ఆ పొడి ఎప్పుడు, ఎలా వేసుకుంటున్నారు?"

"పొద్దున అన్నీ ఒక్కసారే మేడం. పొడి గ్లాసు మజ్జిగలో కలిపి, ఆ మజ్జిగతోనే థైరాయిడ్ మాత్ర, లివర్ మాత్ర మింగేస్తా. రాత్రి కూడా లివర్ మాత్ర ఆ మజ్జిగతోనే. వట్టి పొడి ఇసుక తిన్నట్టుంటది, మజ్జిగలో అయితే దిగుతది."

ప్యాకెట్ ఒక్కటే రాశారు కదా, రాత్రికి ఎక్కడిదని అడిగితే, పొద్దున కలిపిన దాంట్లో సగం ఫ్రిజ్‌లో దాచి రాత్రికి తాగుతోందట. వంట వ్యాపారంలో ఏదీ పారెయ్యని మనిషి. మధ్యాహ్నం మాత్ర? గిరాకీ టైములో చాలా రోజులు మర్చిపోతోంది.

కొలెస్టిరమిన్ దేన్ని పట్టుకోవాలో ఎంచుకోదు. పేగులో దొరికిన బైల్ యాసిడ్‌నల్లా పట్టుకుంటుంది, థైరాయిడ్ మాత్రలోని థైరాక్సిన్‌నీ వదలదు. ఉర్సో మాత్ర నోట్లో పడిందే గానీ ఒంట్లోకి పోలేదు. అదే శాంపిల్‌ని మళ్లీ బయటి ల్యాబ్‌కు పంపితే లెక్క తేలింది: సొంతవి 16, ఉర్సో కుటుంబం మొత్తం 2. మూడు నెలలుగా ఆమె పీబీసీకి మందు దాదాపు వాడనట్టే. రెండో ట్యూబులో అంకె పెరిగితే అందరం భయపడ్డాం, మందు బాగా పనిచేస్తున్న రోజుల్లో. నాలుగో ట్యూబులో అంకె తగ్గితే స్వీట్లు తిన్నాం, మందు పనిచేయని రోజుల్లో.

ఆమెను తప్పు పట్టడానికి లేదు. మిగతా మందులు ఈ పొడికి కనీసం గంట ముందు, లేదా నాలుగు నుంచి ఆరు గంటల తర్వాత వేసుకోవాలి. చీటీ మీద పొడికి ఒక గీత, మాత్రకు మూడు గీతలు ఉన్నాయి. వాటి మధ్య ఎంత ఎడం ఉండాలో చీటీ చెప్పదు. చెప్పాల్సినవాళ్లం చెప్పలేదు.

డాక్టరు ఆమె రోజును ముందర పెట్టుకుని మళ్లీ రాశారు. నాలుగున్నరకు లేవగానే థైరాయిడ్ మాత్ర, నీళ్లతో. ఎనిమిదిన్నరకు టిఫిన్ దగ్గర పొడి మొత్తం ఒకేసారి, మజ్జిగలో అయినా సరే. మధ్యాహ్నం మూడింటికి గిరాకీ తగ్గి తను అన్నం తినేటప్పుడు ఒక ఉర్సో. రాత్రి షట్టర్ దించాక రెండు. రోజుకు మూడు మాత్రలు మూడు పూటలే పడాలని లేదు, మొత్తం డోసు పడితే చాలు. కూతురు దాన్ని పెద్దక్షరాలతో రాసి గ్యాస్ స్టవ్ పైన, పప్పు కొలిచే గ్లాసు పక్కన అంటించింది.

రెండు నెలల తర్వాత ఐదో ట్యూబు. ఆల్కలైన్ 241. టీఎస్‌హెచ్ 4.6. బైల్ యాసిడ్స్ 41, అంటే 19 కంటే రెట్టింపు పైనే. విడదీస్తే ఉర్సో 24, సొంతవి 17. ఈసారి ఆ 41 చూసి ఎవరూ కంగారు పడలేదు.

నిజానికి ఈ మనిషికి బైల్ యాసిడ్స్ పరీక్ష ఇన్నిసార్లు అవసరమా అని అడిగితే, లేదంటాను. పీబీసీ అని తేల్చడానికి ఆల్కలైన్, యాంటీబాడీ చాలు. మందు పనిచేస్తోందా లేదా చూడటానికి ఆల్కలైన్, బిలిరుబిన్ చాలు. దురద ఉండి మిగతా లివర్ పరీక్షలు ఏ సంగతీ తేల్చనప్పుడు, మందు మొదలుపెట్టక ముందు, ఒకసారి చూస్తే అర్థం ఉంది. దురద ఉన్న గర్భిణుల్లో అయితే తప్పనిసరి. ఉర్సో వాడుతున్న వాళ్లలో మొత్తం బైల్ యాసిడ్స్ అంకెను నెలనెలా చూడటం డబ్బు దండగ, టెన్షన్ అదనం. విడదీసి కొలవడం కూడా అందరికీ అక్కర్లేదు. ఈ కేసులో మందు ఒంట్లోకి పోతోందా అన్న ప్రశ్న వచ్చింది కాబట్టి పనికొచ్చింది. ఆ జవాబు కూడా ఒక ఫోన్ కాల్‌తో ముందే దొరికింది, రిపోర్టు దాన్ని ఖాయం చేసిందంతే.

మా ల్యాబ్‌లో మార్చింది కొంచెమే. బైల్ యాసిడ్స్ ట్యూబు తీసే ముందు కౌంటర్‌లో మూడు ప్రశ్నలు: ఆఖరిసారి ఎప్పుడు, ఏం తిన్నారు, ఉర్సో వాడుతున్నారా, కొలెస్టిరమిన్ లాంటి పొడి వాడుతున్నారా. ఆ జవాబులు రిపోర్టులో అంకె కిందే అచ్చవుతాయి. ఉర్సో వాడేవాళ్లయితే 'ఈ ఫలితంలో మందు కూడా కలిసి ఉంది' అనే లైను తనంతట తానే వస్తుంది. మొదట్లో రక్తం తీసే ఫ్లెబాటమిస్టులు విసుక్కున్నారు, పొద్దున ఏడింటికి క్యూ ఎలా ఉంటుందో చూడమన్నారు. చూశాను. నిజంగానే కష్టం. అయినా అడగమన్నాను.

దురద పూర్తిగా పోలేదు. వారంలో రెండు మూడు రాత్రులు ఇంకా లేపుతోందట. కొబ్బరి చీపురు మాత్రం మానేసింది, తడిగుడ్డ పెట్టుకుంటోంది. తర్వాతి మెట్టుగా డాక్టరు రిఫాంపిసిన్ తక్కువ డోసులో ఆలోచిస్తున్నారు. దానితో లివర్ ఎంజైములు మధ్యమధ్య చూసుకోవాలి. ఆ పేరు వినగానే ఆమె లేచి నిలబడిందట, "అది టీబీ మందు కదా సార్, మా ఆయన తమ్ముడు ఆరు నెలలు వాడాడు. నాకెందుకు?" అని. డాక్టరు ఇంకా నచ్చజెబుతున్నారు.